గుండ్రని బిట్టు, కొసదేరిన మూల



మీ ఊళ్ళో ఈ మధ్య కట్టిన ఇళ్ళ సింహద్వారాలు చూశారా? వాటి మీద లతలూ, హంసలూ, కలశాలూ ఎంతో నాజూకుగా చెక్కి ఉంటాయి. ఒకప్పుడు అలాంటి తలుపు కావాలంటే వడ్రంగి రోజుల తరబడి ఉలి పట్టుకుని కూర్చోవలసి వచ్చేది. ఇప్పుడు చాలా పట్టణాల్లో సీఎన్‌సీ యంత్రాలు వచ్చాయి. బల్ల మీద పలక బిగించి, కంప్యూటర్లో బొమ్మ ఎక్కించి, మీట నొక్కితే చాలు. గిరగిర తిరిగే బిట్టు తనంతట తానే కదులుతూ బొమ్మ చెక్కేస్తుంది.

మూడేళ్ళ కిందట నేను మా తొమ్మిదో తరగతిలో ఒక కుర్రవాణ్ణి మందలించాను. వాళ్ళ నాన్నగారు వడ్రంగి. కుర్రవాడు శనివారాలు బడి మానేసి ఆయనకు సాయం వెళుతున్నాడు. "ఇంకా ఆ ఉలీ బాడిసా ఎందుకురా? నాలుగేళ్ళు పోతే ఆ పనంతా యంత్రాలే చేస్తాయి. బుద్ధిగా చదువుకో" అన్నాను. బడి మానవద్దన్న మాట మంచిదే. కాని ఉలి ఎందుకన్న మాట తప్పు. నలుగురి ముందూ అన్నాను కనుక ఆ కుర్రవాడు తల దించుకున్నాడు. ఆ మాట ఎందుకు తప్పో ఈ నెల మీకు చెప్పదలచుకున్నాను. అందుకు కొంచెం జ్యామితి కావాలి, ఒక రూపాయి బిళ్ళ కావాలి. రెండూ మీ దగ్గర ఉన్నవే!

పొదగడం అంటే?

ఉంగరంలో రాయి పొదగడం మీరు వినే ఉంటారు. పొదుగు పని చెక్కలోనూ, రాతిలోనూ, లోహంలోనూ కూడా ఉంది. ఒక వస్తువు పైభాగంలో తక్కువ లోతున గుంట తవ్వుతారు. వేరే రంగు పదార్థంలో సరిగ్గా ఆ గుంట ఆకారానికే ఒక ముక్క కోస్తారు. ఆ ముక్కను గుంటలో కూర్చి, రెండింటినీ ఒకే మట్టానికి నునుపు చేస్తారు. చేత్తో నిమిరితే అతుకు తగలకూడదు. కంటికి సందు కనిపించకూడదు. ఆ గుంటను కార్ఖానాల్లో పాకెట్ అంటారు.

ఆగ్రాలోని తాజ్‌మహల్ పాలరాతిలో మీరు చూసే రంగురాళ్ళ పువ్వులు ఇలా పొదిగినవే. మనకు దగ్గర్లో బీదరు పట్టణం ఉంది. అక్కడా, హైదరాబాదులోనూ చేసే బిద్రీ పాత్రలు చూడండి. జింకులో కొంచెం రాగి కలిపి పోతపోసిన పాత్ర మీద ఉలితో గాడులు తీసి, వాటిలో వెండి తీగ పెట్టి సుత్తితో కొడతారు. వెండి మెత్తని లోహం గదా! దెబ్బకు పక్కలకు సాగి గాడి అంతా నిండుకుంటుంది. కాబట్టి గాడి అంచు కాస్త వంకర పోయినా వెండి సర్దుకుంటుంది.

కర్రా, రాయీ అలా సాగవు. గుంటను బట్టి ముక్క మారదు, ముక్కను బట్టి గుంట మారదు. రెండూ ముందే సరిపోవాలి. అసలు చిక్కంతా ఇక్కడే వస్తుంది.

రూపాయి బిళ్ళతో ప్రయోగం

ఒక అట్టపెట్టె మూత తీసుకోండి. దాని లోపలి మూలలు లంబకోణాలుగా ఉండాలి. అందులో రూపాయి బిళ్ళ పడుకోబెట్టి, నాలుగు అంచులనూ తగిలేటట్టు లోపలంతా జరపండి. బిళ్ళ తిరిగిన చోటల్లా చెక్క తెగిపోయిందని ఊహించుకోండి. బిళ్ళే మన యంత్రపు బిట్టు అన్నమాట. ఇప్పుడు మూలలు చూడండి. బిళ్ళ ఎంత నెట్టినా మూల చివరి దాకా వెళ్ళదు. రెండు అంచులనూ తాకి ఆగిపోతుంది. మూలలో ఒక చిన్న ముక్క తెగకుండా మిగిలిపోతుంది.

ఎంత మిగిలింది? వృత్తానికి స్పర్శరేఖలు చదివినవారికి ఇది నిమిషంలో వస్తుంది. బిళ్ళ వ్యాసార్ధం r అనుకోండి. బిళ్ళ కేంద్రం రెండు అంచులకూ r దూరంలో ఉంటుంది. కనుక మూల నుంచి కేంద్రానికి దూరం, r భుజంగా గల చతురస్రపు కర్ణం. అంటే 1.414 r. అందులో నుంచి వ్యాసార్ధం r తీసివేస్తే 0.414 r మిగులుతుంది. మీ బిళ్ళ వ్యాసం 22 మి.మీ. ఉంటే వ్యాసార్ధం 11 మి.మీ. అప్పుడు మూలలో మిగిలేది 4.55 మి.మీ. స్కేలు పెట్టి కొలిచి చూడండి, సరిపోతుంది.

ఇది లంబకోణం మాట. మూల ఇరుకయ్యేకొద్దీ బిళ్ళ ఇంకా దూరంగా ఆగిపోతుంది. సమబాహు త్రిభుజంలో కోణం 60 డిగ్రీలు. అక్కడ మిగిలే దూరం సరిగ్గా r. అయిదు కొసల నక్షత్రంలో కొస కోణం 36 డిగ్రీలు. అక్కడ మిగిలేది 2.236 r! పదో తరగతివారు త్రికోణమితి పట్టిక చూసి లెక్క కట్టండి. కోణంలో సగానికి సైన్ విలువ కనుక్కోండి. 1ని దానితో భాగించి, వచ్చినదాంట్లో 1 తీసివేయండి. అదే గుణకం. 2.236 అనే సంఖ్యను మీరు ఇంతకుముందు ఎక్కడో చూశారు. అది 5కు వర్గమూలం. అయిదు కొసల నక్షత్రంలో అయిదు వర్గమూలం దాక్కుని ఉండటం వింతగా లేదూ?

యంత్రానికి తెలిసింది ఏమిటి?

సీఎన్‌సీ అంటే కంప్యూటరు అంకెలతో అదుపు చేసే యంత్రం. దీని పూర్వీకుడు 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ప్రదర్శించిన మిల్లింగ్ యంత్రం. హెలికాప్టర్ రెక్కల భాగాలు ఖచ్చితంగా చేయడానికి జాన్ పార్సన్స్ అనే ఆయన మొదలుపెట్టిన ఆలోచన అది. అప్పట్లో రంధ్రాలు పొడిచిన కాగితపు టేపు మీద అంకెలు ఎక్కించేవారు. ఇప్పుడు కంప్యూటరే ఆ అంకెలు పంపుతుంది. కుడి ఎడమలకు ఒకటి, ముందు వెనకలకు ఒకటి, పైకీ కిందికీ ఒకటి, మూడు అక్షాలు. ఇక్కడి నుంచి అక్కడికి సరళరేఖలో వెళ్ళు, అక్కడి నుంచి ఈ వ్యాసార్ధంతో చాపంలో తిరుగు. యంత్రం అందుకునే ఆజ్ఞలు ఇలాంటివే.

గుంట తవ్వేటప్పుడు బిట్టు నడక మన రైతు దుక్కి దున్నినట్టే ఉంటుంది. సాలు పక్కన సాలు, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేటట్టు. ఒకేసారి పూర్తి లోతు దిగదు. పొర పొరగా దిగుతుంది. చెక్కలో దిగడం కూడా మేకులా నిట్టనిలువునా కాకుండా ఘాట్ రోడ్డులా ఏటవాలుగా దిగితే మంచిది. చాలా బిట్లు పక్కలకు కోసినంత బాగా కిందికి కోయలేవు. చివరగా గోడల పొడవునా ఒక సన్నని పొర మిగిల్చి, దాన్ని వేరుగా తీస్తారు. అప్పుడు బిట్టు మీద బరువు తక్కువ. అది వంగదు, గోడ నిట్టనిలువుగా వస్తుంది.

వేగం సంగతీ వినండి. నిమిషానికి 12,000 సార్లు తిరిగే బిట్టుకు రెండు పదునైన అంచులు ఉన్నాయనుకోండి. నిమిషానికి 24,000 సార్లు చెక్కను తాకుతుంది. బిట్టును నిమిషానికి 2,400 మి.మీ. జరిపితే ఒక్కో తాకిడికి 0.1 మి.మీ. మందం పొట్టు లేస్తుంది. "జాగ్రత్తగా చేద్దాం" అని బాగా నిదానంగా జరిపారనుకోండి. పొట్టు మరీ పలచబడి, బిట్టు కోయడం మాని రాచుకోవడం మొదలుపెడుతుంది. ఘర్షణ వల్ల వేడి పుట్టి చెక్క మాడుతుంది, బిట్టు మొండి పోతుంది. నిదానమే ప్రధానమన్న సామెత ఇక్కడ పనికిరాదు సుమా!

ఇన్ని తెలిసిన యంత్రానికి మీ బొమ్మ అందం తెలియదు, తన బిట్టు గుండ్రంగా ఉందన్న బాధ లేదు. చెప్పిన దారిలో పోతుంది, మూల దగ్గర మన రూపాయి బిళ్ళలాగే ఆగుతుంది.

మా నక్షత్రం కథ

మా బడి వార్షికోత్సవానికి ఒక చెక్క ఫలకం చేయించాలనుకున్నాం. నల్లటి జిట్రేగి పలక మధ్యలో పసుపుపచ్చని పనస చెక్క నక్షత్రం పొదగాలని మా డ్రాయింగ్ మాస్టారి కోరిక. పక్క పట్టణంలో మా పూర్వ విద్యార్థి ఒకడు సీఎన్‌సీ యంత్రం నడుపుతున్నాడు. ఆదివారం నాడు అయిదుగురు పిల్లలను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళాను. ఆ వడ్రంగిగారి కుర్రవాడూ వచ్చాడు. చెక్కలు మోసుకొచ్చింది వాళ్ళ నాన్నగారే. ఆయన్ను మేమందరం ఆచారిగారూ అంటాం.

6 మి.మీ. బిట్టు పెట్టి గుంట తవ్వారు. అదే బిట్టుతో పనస చెక్కలో నక్షత్రం కోశారు. రెండింటినీ పక్కపక్కన పెడితే చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. తీరా కూర్చబోతే నక్షత్రం లోపలికి పోలేదు! కారణం మీకు ఇప్పుడు తెలుసు. బిట్టు వ్యాసార్ధం 3 మి.మీ. గుంట కొసల్లో 2.236 × 3, అంటే సుమారు 6.7 మి.మీ. తెగలేదు. నక్షత్రపు కొసలు మాత్రం సూదుల్లా ఉన్నాయి. ముక్కకు బిట్టు బయటి వైపు తిరుగుతుంది గదా, బయటి కొసలను అది చక్కగా కోస్తుంది. దాని తంటా వేరే చోట. నక్షత్రపు రెండు కొసల నడుమ లోపలికి విరిగే మూలల్లో ముక్క గుండ్రబడింది. గుంట ఒక చోట మొండి, ముక్క ఇంకో చోట మొండి.

మా శిష్యుడు 3 మి.మీ. బిట్టు మార్చాడు. వ్యాసం సగమైతే మిగిలే దూరమూ సగమే. మిగిలే వైశాల్యమైతే నాలుగో వంతుకు తగ్గుతుంది. ఆలోచన బాగానే ఉంది. కాని వేగమూ, లోతూ మార్చడం మరిచిపోయాడు. మూడో కొస దగ్గర బిట్టు టప్పున విరిగింది. దానికీ లెక్క ఉంది. గుండ్రని కడ్డీ వంగకుండా నిలిచే శక్తి దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం సగమైతే, అదే పొడవుకు, అదే బలానికి, 16 రెట్లు ఎక్కువ వంగుతుంది. పెన్సిలునూ అగ్గిపుల్లనూ వంచి చూస్తే ఆ తేడా మీ వేళ్ళకే తెలుస్తుంది.

మరో 3 మి.మీ. బిట్టు ఆ రోజు దొరకలేదు. అందరం చూస్తూ నిలబడ్డాం. అప్పుడు ఆచారిగారు, "మాస్టారూ, ఒక అరగంట నాకివ్వండి" అన్నారు. సంచిలో నుంచి సన్నని ఉలీ, పదునైన కత్తీ తీశారు. ముందు గీత గీసిన చోట కత్తితో చెక్క పోగులను తెంపారు. తరవాత ప్రతి కొస దగ్గరా పలకను తిప్పి, పోగు ఏ వైపు పోతోందో చూశారు. ఏ కొసలో ఉలి ఎటు నుంచి పెట్టాలో దాన్ని బట్టి నిర్ణయించారు. పోగుకు ఎదురు పెడితే చెక్క చీలి పోతుందని ఆయన కొడుకు మాకు చెప్పాడు. ఆ సంగతి నాకు తెలియదు. బి.ఇడి.లో ఎవరూ చెప్పలేదు!

గుంటకు అయిదు కొసలూ, ముక్కకు అయిదు లోపలి మూలలూ శుభ్రమయ్యాయి. నక్షత్రాన్ని పైన పెట్టి, చెక్క ముక్క అడ్డం పెట్టి సుత్తితో మెల్లగా తట్టారు. గుంటలో సరిగ్గా కూర్చుంది. మా శిష్యుడు వేలితో నిమిరి, "బాబాయ్, ఇది నా మిషన్ వల్ల కాదు" అన్నాడు. ఆచారిగారు నవ్వి, "ఆ అడుగు మట్టం అంత సాపుగా తీయడం నా వల్లా కాదురా" అన్నారు.

మర్నాడు తరగతిలో ఆ కుర్రవాణ్ణి లేపి, మూడేళ్ళ కిందటి నా మాట తప్పని అందరి ముందూ చెప్పాను. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి గదా.

మూలకు నాలుగు దారులు

ఆ తరవాత మా శిష్యుణ్ణి కూర్చోబెట్టి, ఈ చిక్కుకు ఎన్ని పరిష్కారాలున్నాయో అడిగి తెలుసుకున్నాను. నాలుగు తేలాయి.

మొదటిది, రాజీ పడటం. బొమ్మ గీసేటప్పుడే మూలలను గుండ్రంగా గీయాలి. గుంటకూ ముక్కకూ ఒకే గుండ్రం. అది బిట్టు వ్యాసార్ధం కన్నా కొంచెం ఎక్కువ ఉంటే ఇంకా మంచిది. అప్పుడు బిట్టు మూలలో ఆగిపోకుండా మలుపు తిరిగి పోతుంది. ఆకులకూ పువ్వులకూ ఇది చక్కగా సరిపోతుంది. నక్షత్రం మాత్రం బిస్కెట్టులా కనిపిస్తుంది.

రెండోది, పెద్ద బిట్టుతో చాలా భాగం తవ్వి, మిగిలిన మూలలకే చిన్న బిట్టు వాడటం. వేగమూ, పొర లోతూ తగ్గించాలి. సమయం పడుతుంది. మూల బాగా చిన్నదవుతుంది గాని సున్నా కాదు. బిట్టు ఎంత సన్ననిదైనా దానికి వ్యాసార్ధం ఉంటుంది.

మూడోది, ఉలి. యంత్రం అడుగును సాపు చేస్తుంది, మనిషి మూలలను తీరుస్తాడు.

నాలుగోది నాకు బాగా నచ్చింది. దీనికి కొస సూదిగా ఉండి పైకి పోయేకొద్దీ వెడల్పయ్యే బిట్టు కావాలి. శంకువును తలకిందులు చేసినట్టుంటుంది. కొస కోణం 60 డిగ్రీలు అనుకుందాం. ఇది ఎంత లోతు దిగితే గీత అంత వెడల్పవుతుంది. 4 మి.మీ. వెడల్పు కావాలంటే అందులో సగం 2 మి.మీ.ని 1.732తో హెచ్చించండి. 3.46 మి.మీ. లోతు దిగాలి. 1 మి.మీ. వెడల్పుకు 0.87 మి.మీ. చాలు. సున్నా వెడల్పుకు సున్నా లోతు! కాబట్టి నక్షత్రపు కొస దగ్గర పడుతున్నకొద్దీ యంత్రం బిట్టును మెల్లమెల్లగా పైకి లేపుతుంది. సరిగ్గా కొస దగ్గర బిట్టు చెక్క పైకి వచ్చేస్తుంది. అడుగు సంగతి ఎలా ఉన్నా, పైన కనిపించే మూల కత్తిలా వస్తుంది.

ఇందులో గుంట గోడలు ఏటవాలుగా ఉంటాయి. అందుచేత ముక్కను కూడా అదే వాలుతో, అద్దంలో బొమ్మలా తిరగవేసి చెక్కి, బోర్లించి గుంటలో దించుతారు. సీసాకు బిరడా బిగుసుకున్నట్టు గోడకు గోడ బిగుసుకుంటుంది. జిగురుకు అడుగున కొంచెం ఖాళీ వదలాలి. లేకపోతే ముక్క అడుగుకు ముందే ఆని, గోడల దగ్గర సందు మిగులుతుంది. ఆరిన తరవాత పైకి మిగిలిన చెక్కను కోసి, చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్దుతారు. నక్షత్రాన్ని అద్దంలో చూసినా ఒకటే. అక్షరాల సంగతి వేరు. తిరగవేయడం మరిచి ఒకసారి ఒక ఇంటి పేరు పలక పాడుచేశానని మా శిష్యుడు ఒప్పుకున్నాడు. రబ్బరు స్టాంపు మీద అక్షరాలు ఎందుకు తిరగబడి ఉంటాయో మీకు తెలుసు గదా, ఇదీ అంతే.

నమ్మవద్దు, కొలవండి

ఇంకొక్క లెక్క చెప్పి ఊరుకుంటాను. బిట్టు డబ్బా మీద 6 మి.మీ. అని రాసి ఉంటుంది. పదును పెట్టిన తరవాత అది 5.9 మి.మీ.కి తగ్గిందనుకోండి. కంప్యూటరు మాత్రం 6 అనే నమ్ముతుంది. గోడకు 3 మి.మీ. లోపలగా బిట్టును నడుపుతుంది. అసలు వ్యాసార్ధం 2.95 కనుక ఒక్కో గోడ దగ్గర 0.05 మి.మీ. తెగకుండా ఉండిపోతుంది. రెండు గోడలకూ కలిపి గుంట వెడల్పు 0.1 మి.మీ. తగ్గింది. అదే బిట్టుతో ముక్క కోస్తే, అదే కారణం చేత ముక్క 0.1 మి.మీ. పెరిగింది. మొత్తం తేడా 0.2 మి.మీ. ముక్క పట్టదు. యంత్రం తప్పు చేయలేదు. తప్పు అంకె ఇచ్చినవాడిది. ప్రయోగశాలలో వెర్నియర్ కాలిపర్స్ ఎందుకు నేర్పుతారని అడిగేవారికి ఇదే నా జవాబు.

కర్ర గుణం కూడా అంకెల్లో పూర్తిగా ఇమడదు. చెక్క వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, రోహిణి కార్తెలో ఎండి ముడుచుకుంటుంది. ఈ మార్పు పోగులకు అడ్డంగా ఎక్కువ, పోగుల వెంట చాలా తక్కువ. ఫలకం పోగులు ఒక దిశలోనూ, పొదిగిన ముక్క పోగులు ఇంకో దిశలోనూ ఉంటే రెండూ చెరో వైపుకూ లాగుతాయి. ఆ ఏడాదికి కనిపించని సందు మరో ఏడాదికి కనిపించవచ్చు. కర్రతో పనిచేసినవారు బొమ్మ గీయడానికి ముందే పోగుల దిశ చూసుకుంటారు.

ఇక నా అభిప్రాయం

ఈ సంగతులన్నీ చెప్పాక మా తరగతిలో ఒక అమ్మాయి లేచి, "సార్, ఈ లెక్కలన్నీ కంప్యూటరే చేస్తుంది గదా. మరి మేమెందుకు నేర్చుకోవాలి?" అని అడిగింది. మంచి ప్రశ్న. నిజమే, బిట్టు వ్యాసం చెబితే దారి అదే గీసి ఇస్తుంది. కాని నాలుగు దారుల్లో ఏది ఎంచుకోవాలో, అసలు మూల ఎందుకు గుండ్రబడిందో తెలిసినవారే దాన్ని అడగగలరు. ఆ రోజు నక్షత్రం పట్టనప్పుడు తెర మీద బొమ్మ చక్కగానే కనిపిస్తోంది. తప్పు తెర మీద లేదు, చేతిలో ఉన్న చెక్కలో ఉంది. చేత్తో పట్టుకుని, కళ్ళతో చూసి, లెక్కతో కారణం వెదికే అలవాటు లేకపోతే యంత్రం ముందు మనం కూడా మీట నొక్కే ఇంకో యంత్రమే అవుతాం.

ఇంకో మాట కూడా దాచకూడదు. యంత్రం వచ్చాక ఆచారిగారికి తలుపులు చెక్కే పని బాగా తగ్గిపోయింది. ఆయనే చెప్పారు. అది కష్టమే. యంత్రం ఎవరికీ నష్టం చేయదని మీకు చెబితే అది అబద్ధమవుతుంది. అయితే యంత్రాన్ని తిట్టి ప్రయోజనం లేదు. ఆ కార్ఖానాలో పోగు తెలిసిన ఆయనా, అంకె తెలిసిన మా శిష్యుడూ వేరు వేరు మనుషులు. రెండూ ఒకే మనిషికి తెలిస్తే ఆ మనిషికి పని దొరుకుతుందని నా నమ్మకం. మా వడ్రంగిగారి కుర్రవాడు అలాంటివాడు కావచ్చు. వాడికి ఉలి వదిలెయ్యమని చెప్పిన నేను సగం విద్య పారేసుకోమని చెప్పానన్నమాట.

మా చిన్నతనంలో బడిలో క్రాఫ్టు పిరియడు ఉండేది. నేత, వడ్రంగం, తోటపని ఏదో ఒకటి చేసేవాళ్ళం. ఇప్పుడు చాలా బడుల్లో ఆ పిరియడు లెక్కల రివిజనుకు పోయింది. ఇది పొరపాటని నా అభిప్రాయం. వారానికి ఒక్క పిరియడు చాలు. ఒక బల్ల, నాలుగు ఉలులు, ఒక రంపం, ఒక కాలిపర్స్ ఉంటే చాలు. నేర్పడానికి ఊళ్ళోని వడ్రంగిని పిలుద్దాం, ఆయనకు గౌరవంగా కుర్చీ వేద్దాం. దేశంలో 2016 నుంచి కొన్ని బడులకు అటల్ టింకరింగ్ లాబ్‌లు వచ్చాయి. వాటిలో త్రీడీ ప్రింటర్లు ఉన్నాయి. మీ బడిలో అలాంటి యంత్రం ముసుగు కప్పుకుని ఉంటే, ముసుగు తీయమని మీ మాస్టార్లను వినయంగా అడగండి. చెడుతుందని దాచిన యంత్రం ఎవరికీ ఏమీ నేర్పదు.

చివరగా మీకొక పని. రెండు రంగుల దళసరి అట్టలు తీసుకోండి. ఒకదాంట్లో త్రిభుజాకారపు రంధ్రం కోయండి, రెండోదాంట్లో ఆ రంధ్రానికి సరిపోయే ముక్క కోయండి. కత్తి పట్టేటప్పుడు పెద్దవాళ్ళను పక్కన ఉంచుకోండి. ముక్కను రంధ్రంలో కూర్చి, దీపానికి ఎదురుగా పట్టుకుని చూడండి. వెలుతురు ఎక్కడ వస్తోంది? మూలలోనా, అంచులోనా? అక్కడే ఎందుకు వస్తోంది? కారణం మీ నోటు పుస్తకంలో రాయండి. తరవాత మళ్ళీ కోయండి.

మీ ఇంట్లో గాని, మీ వీధిలో గాని ఉలి పట్టేవారు ఎవరైనా ఉంటే ఆ ముక్క తీసుకెళ్ళి వారికి చూపించండి. వారు చెప్పేది శ్రద్ధగా వినండి. నేను మూడేళ్ళు ఆలస్యంగా విన్నాను. మీరు ఇప్పుడే వినండి.